పాత అచ్చు, కొత్త నది

వంటింటి బల్ల మీద ఆరబెట్టిన తెల్లటి ముద్ద చుట్టూ లిఫ్టుల మెకానిక్ ఒక ప్రదక్షిణ చేశాడు. వంగి చూశాడు, నిలబడి చూశాడు. చివరికి జాలిగా తలాడించాడు.

"పాపం, ఎవరిదోయ్ ఈ దవడ? ఒక్క పన్నూ మిగల్లేదే!"

"అది దవడ కాదండీ, నది," అంది అతని భార్య, చేతికంటిన సుద్ద తుడుచుకుంటూ. "వేలు పెట్టకండి, ఇంకా ఆరలేదు."

అతను అప్పటికే పెట్టాడు. నది ఎడమ ఒడ్డున అతని బొటనవేలంత గుంట పడింది.

అతన్ని అని లాభం లేదు. కట్టుడు పళ్ళు తయారుచేసే పనిచోట ఆమెది అందెవేసిన చెయ్యి. డాక్టర్లు పంపిన అచ్చుల్లో సుద్ద పోసి దవడలు తియ్యడం, వాటి మీద మైనంతో చిగుళ్ళు కట్టడం, పళ్ళు పేర్చడం ఆమె పని. ఆమె చేసిన పళ్ళు నోట్లో కుదరలేదంటే నోరే ఏదో తప్పు చేసి ఉంటుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ ఇంట్లో సుద్దముద్ద కనబడితే అది ఎవరిదో ఒకరి దవడే అయి తీరాలి. ఈ కథలో ఆమెను మనం వదిన అనే పిలుద్దాం. ఎందుకంటే ఆమెను అలా పిలిచే మనిషి కోసమే ఆమె వంటపని కూడా మానేసి ఆ పూటంతా నదిని పోతపోసింది.

నది వాళ్ళెవరూ ఎప్పుడూ చూడనిది. ఊరికి దూరం. వదిన ఫోన్లో ఆకాశం నుంచి తీసిన బొమ్మను పెద్దది చేసుకుని, ఒంపు ఒంపునా కొలుచుకుని పోసింది. ఒంపు లోపలివైపు వెడల్పాటి ఇసుకదిబ్బ ఉంది. దాన్ని చిగుళ్ళ మైనంతో గులాబీ రంగులో కట్టింది. అవతలి ఒడ్డున రాళ్ళు, కాస్త దిగువన వంతెన. వంతెన కోసం ఒక కోరపన్ను అడ్డంగా పెట్టింది.

"ఇంకా సీజనే మొదలవలేదు," అన్నాడు మెకానిక్. "నీళ్ళు మంచుగడ్డల్లా ఉంటాయి. ఇప్పుడు ఏ కొంప మునిగిందని ఈ హడావిడి?"

"కొంపలేం మునగలేదు. మీ చెల్లెలు ఆదివారాలు వదిలేస్తోంది."

ఆ మాటతో అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అతని చెల్లెలు సిటీ బస్సు డ్రైవరు. ఆడపడుచు అర్ధమొగుడని సామెత. పెళ్ళయిన కొత్తలో వదిన కూడా ఆ భయంతోనే అడుగుపెట్టింది. ఈ అర్ధమొగుడు మాత్రం ఆరళ్ళు పెట్టలేదు సరికదా, మొదటి ఎండాకాలమే కొత్త వదినను చెయ్యి పట్టుకుని ఊరిబయటి చెరువుకి లాక్కుపోయింది. గాలి నింపిన పెద్ద గాలిపటాన్ని నడుముకి కట్టుకుని, కాళ్ళ కింద బోర్డు పెట్టుకుని, గాలి లాగుతుంటే నీళ్ళ మీద జారిపోయే ఆట ఆ పిల్లకి ప్రాణం. కైట్‌బోర్డింగ్ అంటారు. నేర్చుకునే వయసు ఎప్పుడో దాటిపోయిన వదిన సగం చెరువు తాగి మరీ నేర్చుకుంది. రోజంతా నోళ్ళు లేని దవడలతో గడిపే మనిషికి ఆదివారం నీళ్ళ మీద గట్టిగా కేకలు వెయ్యడం ఎంత సుఖమో, ఆ సుఖం ఇచ్చిన మనిషి మీద ఎంత ప్రేమ ఉంటుందో వేరే చెప్పాలా?

పోయిన సీజను చివర్లో ఒక పాడు గాలి వచ్చింది. వదిన గాలిపటం నీళ్ళ మీద కూలింది, దాని తాళ్ళు ఆమె కాలికి చుట్టుకున్నాయి. కూలిన గాలిపటంలోకి మళ్ళీ గాలి దూరి ఆమెను తలకిందులుగా ఈడ్చుకుపోసాగింది. దూరం నుంచి చూసిన ఆడపడుచు తన నడుము దగ్గరి ఎర్రపిడి లాగేసి సొంత గాలిపటాన్ని గాలికి వదిలేసింది. ఈదుకుంటూ వచ్చి తాళ్ళు కోసింది. వదినను ఒంటిచేత్తో ఒడ్డుదాకా లాక్కొచ్చింది. ఆ లాగడంలో ఆడపడుచు భుజం కీలు ఊడింది. వదిలేసిన గాలిపటం రాళ్ళ మీద పడి పీలికలైంది.

ఆసుపత్రి మంచం పక్కన వదిన ఆమె చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, నువ్వు లేకపోతే నేను..." అని మొదలుపెట్టింది.

"ఊరుకో వదినా. నువ్వు పోతే అన్నయ్యకి మళ్ళీ సంబంధాలు చూడాలి. ఆ మొహానికి ఎవరొస్తారు? నా కాళ్ళరిగేవి," అంది ఆడపడుచు.

నవ్వారు. కానీ వదిన చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోయింది. చలికాలమంతా అంతే. ఎప్పుడు నోరు తెరిచినా ఆ పిల్ల ఏదో ఒక హాస్యమాడి మాట తుంచేసేది. వదినకి అది మింగుడుపడని ముద్దై కూర్చుంది. ప్రాణం పోసిన మనిషికి ఒక్క మాట చెప్పుకోలేకపోతే ఆ బతికిన బతుకులో ఏదో వెలితి ఉంటుంది.

భుజం నయమైంది. డాక్టరు బాగుందన్నాడు. బస్సు స్టీరింగు శుభ్రంగా తిప్పుతోంది. నీళ్ళ మాటెత్తితే మాత్రం, "ఇంకా కలుక్కుమంటోంది వదినా," అంటుంది. బస్సు డిపోలో ఒక పద్ధతి ఉంది. వేసవి మొదలయ్యే ముందు ప్రతి డ్రైవరూ తనకు వారంలో ఏ రోజు సెలవు కావాలో చెప్పుకోవాలి. చెప్పాక సీజనంతా అదే. ఏళ్ళ తరబడి ఆడపడుచు ఆదివారాన్ని ఎవరికీ వదల్లేదు. ఈసారి ఎవరో పిల్లల తల్లికి ఇచ్చేస్తానంటోందని వదిన చెవిన పడింది. మాట ఇవ్వాల్సింది సోమవారం.

"ఆదివారం ఇచ్చేసిందంటే ఇక నీళ్ళకి నీళ్ళొదిలినట్టేనండీ," అంది వదిన. "నన్ను బతికించబోయి దానికున్న ఒక్క సరదా పోగొట్టుకుంటే నేను దాని మొహం ఎలా చూడను? ఆ చెరువుకి రానంటోంది కదా, సరే, వేరే చోటికి తీసుకెళ్తా. జనం లేనప్పుడు, ఎవరూ చూడనప్పుడు. ఒక్కసారి ఎక్కితే చాలు, తర్వాత మనం ఆపినా ఆగదు."

మెకానిక్ తను పొడిచిన గుంటను వేలితో మెల్లగా సర్దాడు. అది ఇంకొంచెం పెద్దదైంది.

సాయంత్రం డ్యూటీ దిగి, యూనిఫాంలోనే వచ్చింది ఆడపడుచు. బల్ల మీద నదిని చూసి ముక్కున వేలేసుకుంది.

"వదినా, నీకు పళ్ళు కరువయ్యాయా, పిచ్చి ముదిరిందా?"

వదిన జుట్టు ఆరబెట్టుకునే యంత్రం తెచ్చి ప్లగ్గు పెట్టింది. ఒక గుండుసూదికి పలచటి కాగితం ముక్క కట్టి దాన్ని గాలిపటం అంది. "ఇదిగో, నీళ్ళు ఇటు పోతాయి. గాలి వాటికి ఎదురు ఇటు వీస్తుంది. గాలి మనల్ని ఒకవైపు తోస్తే ప్రవాహం ఇంకోవైపు తోస్తుంది. ఎక్కువ దూరం కొట్టుకుపోం. ఇసుక మీద తాళ్ళు పరుచుకుంటాం, ఇసుక మీంచే లేపుతాం, ఇసుక మీదే దింపుతాం." యంత్రం నొక్కింది. కాగితం ముక్క రెపరెపలాడింది, బల్ల మీది సుద్దపొడి అంతా లేచి మెకానిక్ మీసాలకి పట్టుకుంది.

ఆడపడుచు నవ్వు ఆపుకుని బొమ్మ చుట్టూ తిరిగింది. కొత్త రూటు ఇచ్చినప్పుడు చూసే చూపు అది. "వెళ్ళే దారి బానే ఉంది. బండి తిప్పుకునే చోటేది? వంతెన ముందే ఆగాలిగా?"

"ఒంపు దాటొద్దు. ఈ పొద దగ్గర వెనక్కి."

"నీళ్ళ లోతెంత?"

"ఒంపు బయటివైపు లోతు. లోపలివైపు మనకి ఇసుకే కదా!"

"అన్నీ ఆలోచించావు," అంది ఆడపడుచు. కాసేపు గులాబీ ఇసుకను వేలితో తడిమింది. "వస్తా వదినా. నీ గాలిపటం పట్టుకుని లేపుతా. ఒక్కదాన్నే పంపిస్తే నాకు నిద్రపట్టదు. కానీ నేను నీళ్ళలో కాలు పెట్టను. అది ఇప్పుడే చెప్తున్నా."

"పెట్టకు," అంది వదిన వెంటనే. ఆ పిల్ల వెళ్ళేదాకా ఆగి, ప్రమాదం తర్వాత తమ ఇంట్లోనే పడేసిన ఆమె రబ్బరు సూటూ నడుముపట్టీ అటక మీంచి దింపి తన సంచి అడుగున కుక్కింది.

ఆదివారం పొద్దున్న గాలి చెప్పినట్టే ఉంది, చలి చెప్పినదానికంటే ఎక్కువ ఉంది. మెకానిక్ కారు నడిపాడు. ఈత రాని మనిషి కాబట్టి జాగ్రత్త ఎక్కువ. రెండు ఫ్లాస్కుల టీ, దుప్పట్లు, లిఫ్టు పనిలో వాడే పొడవాటి తాడు ఒకటి వెనక పెట్టాడు. దారంతా వదిన చెబుతూనే ఉంది: ఇక్కడ మలుపు వస్తుంది, ఇక్కడ వంతెన కనబడుతుంది, ఇక్కడ మట్టిరోడ్డు. అన్నీ చెప్పినట్టే వచ్చాయి. ప్రతి మలుపుకీ ఆమె గొంతు ఇంకాస్త పెరిగింది. కారు ఆగగానే ముందుగా దిగి పొదలు తప్పించుకుని ఒడ్డుకి నడిచింది.

ఇసుక లేదు.

పొదల మొదళ్ళ దాకా నీళ్ళే. ఎక్కడో పైన మంచు కరిగి నది నిండుగా, బూడిదరంగులో పోతోంది. దిబ్బ ఉండాల్సిన చోట నీళ్ళు సన్నగా ముడతలు పడుతున్నాయి. తాళ్ళు పరచడానికి కాదు కదా, దుప్పటి పరచడానికి కూడా చోటు లేదు.

తప్పు ఏమిటో వదినకి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ఆకాశం బొమ్మ ఎండాకాలం ఆఖర్లో తీసింది. పనిచోట ఆమె డాక్టర్ల మీద అరిచేది దీని గురించే. పళ్ళు పీకాక దవడ ఊరుకోదు, నెలనెలా తగ్గిపోతుంది. పాత అచ్చు పంపించి కొత్త పళ్ళు చెయ్యమంటే ఎలా చేస్తాననుకున్నారు, అని ఎందరికో గడ్డి పెట్టింది. ఇప్పుడు తనే పాత అచ్చుతో నదిని చేసింది. ఇంకెవరైనా చేసి ఉంటే ఆమె క్షమించేది కాదు.

"ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టుందోయ్ మన ఇసుకదిబ్బ," అన్నాడు వెనకనుంచి మెకానిక్. భార్య మొహం చూసి నాలుక కరుచుకుని టీ పొయ్యడానికి వెళ్ళిపోయాడు.

ఆడపడుచు నీళ్ళ వైపు చూసింది, వదిన వైపు చూసింది. పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "ఎంత బాగా పోశావు వదినా! ఎంత బాగా రంగేశావు! చిగుళ్ళ మైనం!" పొట్ట పట్టుకుని నవ్వింది. ప్రమాదం తర్వాత ఆ పిల్ల అలా నవ్వడం వదిన వినలేదు. కానీ ఆ క్షణంలో సంతోషించే స్థితిలో లేదు.

"పోనీలే," అంది ఆడపడుచు కళ్ళు తుడుచుకుంటూ. "టీ తాగి పోదాం."

పోదాం అంటే రేపు సోమవారం డిపోలో మాట ఇచ్చెయ్యడమే. వదినకి ఆ సోమవారమే కళ్ళముందు నిలబడింది. ఆమెకి మొండితనం వచ్చింది. "దిబ్బ ఎక్కడికి పోతుంది? కిందే ఉంటుంది," అంటూ నీళ్ళలోకి ఒక అడుగు వేసింది. రెండో అడుగు మోకాలిదాకా దిగింది.

"వదినా! ఆగు!"

ఆ అరుపుకి పొదల్లోంచి ఒక కొంగ లేచిపోయింది. "లోతు తెలీకుండా దిగుతావా? బుద్ధుందా నీకు? రా బయటికి! రా అంటున్నానా!" ఆడపడుచు ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగేసింది. అన్నని కేకేసింది. "అన్నయ్యా, ఆ తాడు తే!"

ఆడపడుచు తాడు నడుముకి చుట్టుకుంది. రెండో కొస మెకానిక్ కారు వెనక కొక్కేనికి కట్టి తనూ పట్టుకున్నాడు. ఆ ముడి మీద మేడలు వేలాడినా ఊడదు. బోర్డును నిలువుగా పట్టుకుని ముందు గుచ్చి చూసుకుంటూ, ఆడపడుచు నీళ్ళలోకి నడిచింది. తను ఏం చేస్తోందో ఆమెకి తెలిసినట్టు లేదు. వదినకి తెలిసింది.

ఒడ్డు పక్కన తొడల దాకా వచ్చిన నీళ్ళు తర్వాత మోకాళ్ళకి దిగాయి. ఇంకాస్త ముందుకి పోతే పిక్కల దాకానే. ఆ పిల్ల కుడికి నడిచింది, ఎడమకి నడిచింది, పైకి కిందికి నడిచింది. అంతా చదునుగా గట్టి ఇసుక. నది మధ్యలో నిలబడి వెనక్కి తిరిగింది.

"ఉంది వదినా! మొత్తం దిబ్బ కిందే ఉంది! బస్సు తిప్పచ్చు ఇక్కడ!"

వదిన తాడు పట్టుకుని ఆమె దగ్గరికి నడిచింది. చలికి ఇద్దరి పళ్ళూ టకటకలాడుతున్నాయి. దగ్గరికి వచ్చాక ఆడపడుచు తను నిలబడ్డ చోటు చూసుకుంది. మొహంలో నవ్వు కరిగిపోయింది.

"నేను నీళ్ళలో ఉన్నా కదా," అంది.

"ఉన్నావు. భయమేస్తోందా?"

ఆడపడుచుకి హాస్యం ఏదీ తోచలేదు కాబోలు. "నీళ్ళంటే నాకెప్పుడూ భయం లేదు వదినా. ఆ రోజు కూడా వెయ్యలేదు. ఈ చెయ్యి బస్సు తిప్పుతుంది గానీ, నీ బరువు లాగలేదు. ఇంట్లో ప్రయత్నించా. అన్నయ్య కుర్చీలో కూర్చుంటే లాగబోయా, రాలేదు. నేను నీళ్ళ మీదుంటే నువ్వూ వస్తావు. ఈసారి నువ్వు మునిగితే నేను చూస్తూ నిలబడాలి. నేను మానేస్తే నువ్వూ మానేస్తావనుకున్నా."

ఈ పిల్ల సరదా పోయిందని వదిన ఏడుస్తుంటే, ఈ పిల్ల వదిన కోసమే దాన్ని పారేస్తోంది. ఒకసారి బతికించింది చాలక చలికాలమంతా బతికిస్తూనే ఉంది. ఇలాంటి మనిషికి ఏం చెప్పి రుణం తీర్చుకోవాలి?

వదిన వెనక్కి వాలి దబ్బుమని నీళ్ళలో పడింది.

"వదినా!"

మెడదాకా చన్నీళ్ళు. ఊపిరి ఆగినంత పనైంది. వదిన చేతులు ఇసుక మీద ఆనించి లేచి నిలబడింది. "ఎవరు లాగారు?" అంది. మళ్ళీ పడింది. మళ్ళీ లేచింది. జుట్టంతా మొహానికి అతుక్కుపోయింది. "చెప్పవే, ఎవరు లాగారు? ఇక్కడ నన్ను ఎవరూ లాగక్కర్లేదు. నిన్నూ లాగక్కర్లేదు. పడితే లేస్తాం. లోతు నీళ్ళ సంగతి నీ భుజం సంగతి తేలాక చూద్దాం. తేలకపోతే ఈ మోకాటి నీళ్ళలోనే ముసలివాళ్ళమవుదాం."

ఒడ్డున మెకానిక్ భార్య రెండుసార్లు మునగడం చూసి తాడు శక్తికొద్దీ లాగేశాడు. తాడు కట్టుకున్నది చెల్లెలు. ఆమె వెల్లకిలా పడింది. లేచి కూర్చుని, నోట్లో నీళ్ళు ఊసి, "అన్నయ్యా, బతికున్నవాళ్ళని చంపకు!" అని అరిచింది. నిండా మునిగాక చలేముంది? "వదినా, నా పట్టీ తెచ్చావు కదూ? సంచి అడుగున. కారెక్కేటప్పుడే చూశా."

ఆడపడుచు సూటూ పట్టీ వేసుకుని, ఇద్దరూ గాలిపటానికి గాలి కొట్టి, నీళ్ళలోనే తాళ్ళు విప్పుకునేసరికి సూర్యుడు బాగా పైకొచ్చాడు. ఆడపడుచు బోర్డు పక్కన పెట్టుకుని ఒక కొసన నిలబడింది. తాళ్ళ రెండో కొసన, పిక్కల లోతు నీళ్ళలో, వదిన గాలిపటాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. అది గాలికి తుళ్ళిపడుతోంది. ఎగరేసేవాళ్ళు ముందు చేత్తో సైగ చెయ్యాలి, అప్పుడు పట్టుకున్నవాళ్ళు వదలాలి. పద్ధతి అది. ఆడపడుచు చెయ్యి ఎత్తబోయింది.

ఇంత దూరంలో ఆ పిల్ల తన నోరు ముయ్యలేదని వదినకి అప్పుడే తట్టింది.

"నువ్వు లేకపోతే నేను లేను!" అని అరిచింది. "నాకు నీళ్ళిచ్చావు, ప్రాణమిచ్చావు! నీకు చాలా థాంక్స్ అమ్మాయ్! విన్నావా?"

ఆడపడుచు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. "ఏంటీ? వినపడలేదు!"

వదిన గొంతు చించుకుని మొత్తం మళ్ళీ చెప్పింది. ఒడ్డున మెకానిక్ టీ కప్పు కింద పెట్టి ముక్కు చీదుకున్నాడు.

"మొదటిసారే వినపడింది!" అని అరిచింది ఆడపడుచు. "ఇంకోసారి వినాలనిపించింది!"

"మరి ఇన్నాళ్ళూ చెప్పనివ్వలేదేమే?"

"ఏడ్చేస్తానని! ఇప్పుడెలాగూ మొహం తడిసే ఉందిగా వదినా!"

ఆమె బొటనవేలు పైకెత్తింది. వదిన గాలిపటాన్ని వదిలింది.